నెత్తిమీద మంట, గుమ్మంలో ఫైరింజన్

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. “ఇరవయ్యేడేళ్లకే నీకు ఆ రోజులేటే?” అంటుంది. నిజమే, నేను చెప్పబోయేది తాతల నాటి సంగతి కాదు. అప్పటికే అందరి చేతుల్లోనూ స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి, నా చేతిలో అయితే స్నానానికి వెళ్లినప్పుడు కూడా ఉండేది (ఈ గొడవంతటికీ మూలం అదే). అయినా పందొమ్మిదేళ్ల ఆ పిల్లని తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టంలా, పెళ్లిలో ఎదురుపడితే పలకరించకుండా పక్కకు తప్పుకోవాలనిపించే చుట్టంలా ఉంటుంది. ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. చుట్టుపక్కలవాళ్లు నా గురించి ఏమనుకుంటారో అని ఒకటి, అసలు ఏమీ అనుకోరేమో అని రెండోది. ఆ రెండూ కలిసి ఒక వర్షాకాలపు ఉదయం నన్ను ఎక్కడికి తీసుకెళ్లాయో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నేను మాత్రం ఇప్పటికీ పూర్తిగా నవ్వలేను.

మాది భిలాయి సెక్టర్ ఆరులో క్వార్టరు. నాన్న ఉక్కు ప్లాంటులో ఇంజనీరు. ఆయనా అమ్మా విజయనగరం నుంచి వచ్చినవాళ్లు, నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, గేటు దాటితే హిందీ. కోపం వస్తే నా నోట తెలుగు వచ్చేది, భయం వేస్తే హిందీ వచ్చేది. మా గోడ అవతలి క్వార్టర్లో సేఫ్టీ పెదనాన్న ఉండేవారు. ఆయన మాకు చుట్టం కాదు, శ్రీకాకుళం వైపు మనిషి, ఆ ఊళ్లో అంతకన్నా చుట్టరికం ఏం కావాలి? బొగ్గును కోకుగా కాల్చే కోక్ ఓవెన్లలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఫోర్‌మన్‌గా రిటైరై, ప్లాంటులోనే పనిచేస్తున్న కొడుకు దగ్గర ఉండేవారు. వీధి చివరి కొట్టుకు పెరుగు ప్యాకెట్టు కోసం స్కూటరు మీద వెళ్లినా హెల్మెట్టు పెట్టుకునేవారు. గేటు పక్కన ఎర్ర రంగు పూసిన ఇసుక బకెట్టూ, దాని మీద మడతపెట్టిన గోనెసంచీ ఉండేవి. దీపావళికి మేము కాకరపువ్వొత్తి వెలిగిస్తే ఆయన ఆ బకెట్టు పక్కన నిలబడి కాపలా కాసేవారు. ఆయన భార్యను పెద్దమ్మా అనేవాళ్లం. మంచి మనసు. కానీ పొద్దున్న తొమ్మిదికి ఆమె చెవిన ఒక మాట వేస్తే పదింటికి సెక్టరంతా, మధ్యాహ్నానికి విజయనగరంలో మా మేనత్తా ఆ మాట గురించి మాట్లాడుకునేవాళ్లు. మా ఇంటి రెండో తాళంచెవి ఎప్పుడూ వాళ్ల దగ్గరే ఉండేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా చేశాననే కదా ఇప్పుడు ఈ సిగ్గు.

నేను చెబుతున్న ఆ ఉదయానికి మర్నాడు మా కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకు స్వాగత సభ, దానికి నేను వ్యాఖ్యాతని. స్టేజీ మీద దీపాల వెలుగులో నా జుట్టు ద్రాక్షసారా రంగులో మెరవాలని ఒక నెల నుంచి కల కంటున్నాను. అమ్మని అడిగితే, “జుట్టుకి రంగేటే? ముసలిదానివైపోయావేటి?” అని ఒక్క మాటలో తేల్చేసింది. దాంతో రహస్యంగా డబ్బా తెప్పించి అల్మారాలో చీరల వెనకాల దాచి, మంచి సమయం కోసం చూస్తూ వచ్చాను. ఆ రోజు పొద్దున్న అమ్మ మా పిన్నిని విజయనగరం రైలెక్కించడానికి దుర్గ్ స్టేషనుకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, “కుళాయి కట్టీసేలోగా డ్రమ్ము నింపు. మర్చిపోతే నీ వీపు చీరేస్తాను” అంది. నాన్న అప్పటికే ప్లాంటుకు వెళ్లిపోయారు. తలుపు దానంతటదే తాళం పడే రకం. అమ్మ ఆటో మలుపు తిరిగిందో లేదో నేను బాత్రూములోకి దూరి, ఫోను అద్దానికి ఆనించి, జుట్టుకు రంగు వేసుకోవడం నేర్పే వీడియో పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ లేకపోయినా అలవాటుకొద్దీ గడియ పెట్టాను. వానలకు ఉబ్బిన చెక్క తలుపది. నెట్టి, ఇంకోసారి నెట్టి, గట్టిగా తన్ని మరీ గడియ పెట్టాను.

రంగు పట్టాలంటే ముందు జుట్టును తెల్లబరచాలట. బకెట్టులో ఉన్న కాసిని నీళ్లతో తల తడుపుకుని, పొడీ క్రీమూ కలిపి పట్టించాను. మిగిలింది పారెయ్యడం ఎందుకని, పై పెదవి మీద నన్ను ఎనిమిదో తరగతి నుంచీ బాధిస్తున్న నూగుమీసానికి కూడా పూశాను (డబ్బా మీద ఆ పని చేయవద్దని మూడు భాషల్లో ఉంది, నాకు మూడూ వచ్చు). పావుగంటకు చురుక్కుమంది. ఇరవై నిమిషాలకు మంట మొదలైంది. ఇక కడిగేద్దామని కుళాయి తిప్పితే ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. డ్రమ్ము మూత తీస్తే అడుగున తుప్పు మరక తప్ప ఏమీ లేదు. వంటింట్లో బిందెలో తాగే నీళ్లున్నాయి కదా అని గడియ లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. గడియ ఎక్కడిదక్కడే ఉంది, దాని పిడి మాత్రం ఊడి నా చేతిలోకి వచ్చింది.

అప్పుడు చేయవలసిన పని ఏమిటో ఇది చదువుతున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. గోడ అవతల పెదనాన్న సైకిల్ చెయిను బాగుచేసుకుంటున్న చప్పుడు వెంటిలేటరు లోంచి వినిపిస్తోంది. “పెదనాన్నా!” అని ఒక్క కేక వేస్తే తాళంచెవీ స్క్రూడ్రైవరూ పట్టుకుని వచ్చి ఐదు నిమిషాల్లో బయటికి తీసేవారు. కానీ ఆయన వెనకాల పెద్దమ్మ వస్తుంది. పెద్దమ్మ నా తెల్లమీసం చూస్తుంది. నేను అద్దంలో నా మొహం చూసుకుని, కేక వెయ్యకూడదని నిర్ణయించుకున్నాను. నాన్నకు ఫోను చేస్తే అమ్మకు తెలుస్తుంది. స్నేహితురాలికి చేస్తే కాలేజీకి తెలుస్తుంది. నేనెవరో తెలియనివాళ్లు, వచ్చి తలుపు తీసి మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు ఎవరున్నారా అని ఆలోచిస్తే, ఆపదలో చేయమని స్కూల్లో మా చేత వల్లె వేయించిన మూడంకెల నంబరు గుర్తొచ్చింది. ఎంత తెలివైన ఆలోచన వచ్చిందా అని మురిసిపోయి మరీ నొక్కాను.

అవతల ఒక ఆడగొంతు, ఎంతో నెమ్మదిగా, “బోలియే, క్యా ఎమర్జెన్సీ హై?” అంది. బాత్రూములో ఇరుక్కుపోయానని చెప్పాను. “ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? పక్కింటివాళ్లను పిలిచి చూశారా?” అని హిందీలో అడిగింది. పక్కన ఎవరూ లేరన్నాను. (వెంటిలేటరు లోంచి పెదనాన్న దగ్గు వినిపించింది.) “సరే, కంగారు పడకండి. దెబ్బేమైనా తగిలిందా? ఊపిరాడుతోందా?” అని వరసగా అడుగుతోంది. ఆ ప్రశ్నల తీరు చూస్తే నా కష్టం ఆమెకు చాలా చిన్నదిగా కనిపిస్తోందనిపించి నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. అదే సమయానికి నెత్తి మీద మంట భగ్గుమంది. ఏడుపు గొంతుతో, “దీదీ, జల్ రహా హై! బహుత్ జల్ రహా హై!” అన్నాను. మండుతోంది అన్నాను, మండుతున్నది నా నెత్తి. కానీ ఆ గొంతు ఒక్కసారిగా మారిపోయింది. “ఆగ్ లగీ హై? ఘర్ మే ఆగ్ లగీ హై క్యా?”

ఇక్కడ నేను తప్పుగా విన్నానని చెప్పుకోవచ్చు. కొన్నేళ్లు అలాగే చెప్పుకున్నాను కూడా. కాదు. ఇంటికి నిప్పంటుకుందా అని ఆమె స్పష్టంగా అడిగింది, నాకు స్పష్టంగానే వినపడింది. కాదు దీదీ, తలకు పూసుకున్న మందు మండుతోంది అని చెబితే మళ్లీ పక్కింటివాళ్ల సంగతి అడుగుతుందేమోననిపించింది. ఆమె గొంతులో ఆ క్షణం వచ్చిన శ్రద్ధ నాకు నచ్చింది. “హాఁ” అన్నాను, అవునని.

ఆ తరవాత ఆ తల్లి నన్ను వదల్లేదు. అడ్రసు అడిగి ఎవరికో చెప్పి మళ్లీ లైనులోకి వచ్చింది. “నేల మీద కూర్చో. పొగ లోపలికి వస్తోందా? తడిగుడ్డ ముక్కుకు పెట్టుకో. భయపడకు, బండి బయల్దేరింది. నేను ఫోను పెట్టెయ్యను.” నేను నిజంగానే నేల మీద కూర్చున్నాను. తడిగుడ్డకు నీళ్లు లేవు కాబట్టి పొడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను, ఎవరో చూస్తున్నట్టు. నిమిషానికోసారి ఆమె, “ఉన్నావా బేటా? మాట్లాడుతూ ఉండు” అంటోంది. ప్రతిసారీ, ఇప్పుడు చెప్పేద్దాం, ఇప్పుడు చెప్పేద్దాం అనుకుని నోరు తెరిచేదాన్ని. బండి ఫైర్ స్టేషను గేటు దాటకముందు చెప్పేస్తే సరిపోయేది. దాటాక చెప్పాలంటే ఇంకొంచెం ధైర్యం కావాలి. సగం దారికి వచ్చాక ఇంకొంచెం. నా దగ్గర మొదటి నిమిషానికి సరిపడా ధైర్యమే లేదు. “హాఁ దీదీ, ఉన్నాను” అనే అన్నాను. ఆమె నాకోసం చిన్నగా దేవుణ్ని తలుచుకోవడం కూడా వినిపించింది.

సైరన్ వినిపించింది. ఆ వీధిలోకి ఫైరింజన్ రావడం అదే మొదలు. దాని వెనక అంబులెన్సు, ఆ వెనక పోలీసు బండి. మా గేటు ముందు ఆగాయి. పెద్దమ్మ గొంతు, “ఓలమ్మో! పిల్ల లోపలుందే! ఒలే, ఎవలైనా రండర్రా!” అని చీల్చుకుంటూ వచ్చింది. ఆ వెంటనే పెదనాన్న బూట్ల చప్పుడు. ఎర్ర బకెట్టు మీదున్న గోనెసంచిని వానగుంటలో ముంచి, నెత్తిన కప్పుకుని, ఆయన మా గోడెక్కారట. గేటుకు అడ్డంగా ఫైరింజన్ ఉందని కాబోలు. అరవై రెండేళ్ల మనిషి. దూకడం నేను చూడలేదు. దబ్బుమన్న చప్పుడు విన్నాను. ఆ తరవాత పెద్దమ్మ పెట్టిన కేక విన్నాను, అందులో మాటలేమీ లేవు.

బయటి తలుపు గడ్డపారతో పగలగొట్టారు (తాళంచెవి పెద్దమ్మ కొంగుకే ఉంది, ఆమెకే గుర్తులేదు). ఇల్లంతా బూట్ల చప్పుళ్లు. “ధువాఁ తో నహీఁ హై సర్” అని ఎవరో అంటున్నారు, పొగ లేదు సర్ అని. ఎవరో గంభీరంగా, “బేటీ, వెనక్కి జరుగు” అన్నారు. రెండు దెబ్బలకు తలుపు పడింది. ఎదురుగా హెల్మెట్టు పెట్టుకుని, నెరిసిన మీసంతో పెద్దాయన ఒకరు, ఆ టీము ఆఫీసరు. ఆయన వెనక ఇద్దరు కుర్రాళ్లు. నేను నేల మీద, తల నిండా ఉబ్బిన తెల్లటి ముద్దతో, ముక్కుకు తువ్వాలు పెట్టుకుని కూర్చున్నాను. మర్యాదకోసం తువ్వాలు తీశాను. ఆయనకు నెరిసిన మీసం, నాకు తెల్లటి మీసం, ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. కుర్రాళ్లలో ఒకడు గోడవైపు తిరిగి దగ్గాడు. ఆఫీసరు నవ్వలేదు. “ఆగ్ కహాఁ హై, బేటీ?” అన్నారు. మంట ఎక్కడ? నేను వేలెత్తి నా నెత్తిని చూపించాను.

ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తెరిచాక కసరలేదు, “ముందు ఈ పిల్ల తల కడగండి, చర్మం కాలుతోంది” అన్నారు. ఇంట్లో నీళ్లు లేవని చెప్పాను. దాంతో ఫైరింజన్ ట్యాంకు నుంచి బకెట్టుకు పట్టి తెచ్చారు. గేటు దగ్గర, వీధి వీధంతా చూస్తుండగా, అంబులెన్సులో వచ్చిన నర్సు దీదీ నా తల వంచి కడిగింది. భిలాయిలో ఫైరింజన్ నీళ్లతో తలంటుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మండిన నెత్తి చల్లబడుతుంటే పక్కకు చూశాను. అంబులెన్సు మెట్టు మీద పెదనాన్న కూర్చుని ఉన్నారు. కుడి మణికట్టు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. దానికి అట్ట పెట్టి కడుతున్నారు. మొహం పాలిపోయింది. నన్ను చూసి, “ఏటీ అవలేదు కదమ్మా నీకు?” అన్నారు. తలకు ఎన్ని నీళ్లు పోసినా చల్లారని మంట ఒకటి అప్పుడు పుట్టింది నాకు.

ఇంతలో పోలీసు కానిస్టేబుల్ నోటుబుక్కు తీశాడు. ఫోను ఎవరు చేశారు, నిప్పు అని ఎందుకు చెప్పారు, అబద్ధపు ఫోను చేస్తే ఏమవుతుందో తెలుసా అని మొదలుపెట్టాడు. నేను ఏదో అనేలోగా వెనక నుంచి పెదనాన్న హిందీలో, “సాబ్, ధువాఁ మైనే దేఖా. మైనే హీ చిల్లాయా” అన్నారు. పొగ నేనే చూశాను, నిప్పని నేనే అరిచాను, లోపలున్న పిల్ల నా అరుపు విని భయపడి ఫోను చేసింది, ముసలి కళ్లు, ఏ ఆవిరో పొగలా కనిపించి ఉంటుంది, క్షమించండి అని, విరిగిన చేతిని మంచి చేత్తో పట్టుకుని చెప్పారు. కానిస్టేబుల్ రాసుకున్నాడు. ఆఫీసరు ఆయన వైపు చూశారు, నా వైపు చూశారు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. కాదు, నేనే అబద్ధం చెప్పాను అనడానికి అంతకన్నా మంచి సమయం రాదు. పెదవి విప్పలేదు.

అదే నిమిషంలో ఫైరింజన్‌లోని వైర్‌లెస్ గరగరలాడింది. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఏదో చిన్న ఫ్యాక్టరీ షెడ్డులో మంటలట. కుర్రాళ్లు వచ్చీ రాగానే మా గుమ్మం దాకా పరచిన నీళ్ల గొట్టాన్ని చుట్టడం మొదలుపెట్టారు. గేటు దగ్గర జనం అడ్డం, బురద, పోలీసు బండి అడ్డం. “హటో, హటో!” అని తప్పుకోమంటూ అరుస్తున్నారు. ఆ గొట్టం చుట్టడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, నాకు మాత్రం ఒక పూట పట్టినట్టనిపించింది. సైరన్ మోగిస్తూ వెళ్లిపోయారు. అంబులెన్సు పెదనాన్నను ఎక్కించుకుని వెళ్లింది. నేను తడితలతో, ఎండు గడ్డి రంగులోకి మారిన జుట్టుతో గేటు దగ్గర నిలబడిపోయాను. కాసేపటికి దుర్గ్ నుంచి ఆటోలో దిగిన అమ్మ గుమ్మం వైపు చూసి, నా తల వైపు చూసి, మళ్లీ గుమ్మం వైపు చూసి, “నేను రైలెక్కించి వచ్చేసరికి ఇంటికి తలుపు లేదేటే?” అంది.

తరవాత మూడు రోజులు నాకు జరిగిన మర్యాద శత్రువుకు కూడా వద్దు. పాపం పిల్ల, ఒక్కతే మంటల్లో చిక్కుకున్నాననుకుని ఎంత హడలిపోయిందో అని వీధిలోవాళ్లు పలకరించడానికి వచ్చారు. ఎదురింటి దీదీ ఖీరు తెచ్చింది. పెద్దమ్మ, మొగుడి చెయ్యి విరగ్గొట్టిన నాకు, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. నాన్న ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఇల్లంతా వైర్లు చూపించారు. అతను గంటసేపు వెతికి, ఏమీ దొరక్క, ఊరికే పోవడం బాగుండదని ఒక స్విచ్చి మార్చి, “ఇదే అయ్యుంటుంది” అన్నాడు. నాన్న గొప్ప రహస్యం తేలినట్టు తల పంకించారు. స్వాగత సభకు నేను వెళ్లలేదు. ఖీరు గిన్నె ముందు పెట్టుకుని ఫోనులో హథ్‌ఖోజ్ వార్తలు వెతుకుతూ కూర్చున్నాను. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం మంచికో చెడుకో తెలియలేదు. ఆ షెడ్డులో ఎవరికైనా ఏమైనా అయి ఉంటే, ఆ గొట్టం మా గుమ్మంలో పరిచి ఉన్నంతసేపటి ఆలస్యం నాదే కదా.

నాలుగో రోజు పెదనాన్న దగ్గరికి వెళ్లాను. వరండాలో కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని ఎడంచేత్తో టీ తాగడం నేర్చుకుంటున్నారు. పెద్దమ్మ కూరలకు వెళ్లిందని చూసుకునే వెళ్లాను. మొత్తం చెప్పేశాను, రంగు డబ్బా దగ్గర్నుంచి ‘హాఁ’ దాకా. సగంలో ఏడుపు వచ్చి హిందీలోకి మారిపోయాను. ఆయన అంతా విని, “తెలుసమ్మా” అన్నారు. “గోడ మీద ఉండగానే తెలిసిపోయింది. ముప్పయ్యేళ్లు పొగలో బతికినోణ్ని, వాసన తెల్దేటి నాకు?” హథ్‌ఖోజ్‌లో ఏమైందో కనుక్కోవాలి, ఫైర్ స్టేషనుకు వెళ్లి ఒప్పేసుకోవాలి, కానీ ఒప్పుకుంటే మీరు చెప్పింది అబద్ధమని తేలిపోతుంది, మీరు వద్దంటే మానేస్తాను అన్నాను. ఆ మాటలో, వద్దంటే బాగుండును అన్న ఆశ కూడా కొంచెం ఉందని ఆయనకు తెలిసే ఉంటుంది. గ్లాసు కింద పెట్టి, “ఆ చొక్కా ఇలా అందుకో. గుండీలు పెట్టు. ఆటో పిలు” అన్నారు.

ఫైర్ స్టేషనులో ఆ ఆఫీసరు ఏదో రిజిస్టరు చూసుకుంటున్నారు. మమ్మల్ని చూసి కుర్చీలు వేయించారు. నేను కూర్చోకుండా నిలబడే చెప్పాను. అంతా విన్నాక ఆయన ముందు పెదనాన్నతో, “కాకా, మీరు అబద్ధమాడారని నాకు అప్పుడే తెలుసు. కోక్ ఓవెన్ మనిషికి ఆవిరికీ పొగకూ తేడా తెలియదంటే ఎవరు నమ్ముతారు?” అన్నారు. పెదనాన్న స్కూలు పిల్లాడిలా తల దించుకున్నారు. హథ్‌ఖోజ్‌లో ఏమైందని అడిగాను. నూనె తుడిచే పీలికల కుప్పకు నిప్పంటుకుందట, వీళ్లు చేరేలోగా పనివాళ్లే ఇసుక పోసి ఆర్పేశారట. “ఎవరికీ ఏమీ కాలేదు” అన్నారు. నేను ఊపిరి వదిలాను. ఆయన నన్ను పూర్తిగా వదలనివ్వలేదు. “ఆ రోజు కాలేదు, అంతే” అన్నారు.

ఆ తరవాత ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. “గడియ ఇరుక్కుంటే పక్కింటివాళ్లను పిలవాలి, అది నీకూ తెలుసు. ఎవరూ లేకపోతే మాకు ఫోను చెయ్. చర్మం కాలుతోంది, నీళ్లు లేవు, తలుపు రావడం లేదు అని ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఎవరో ఒకరిని పంపేవాళ్లం. ఒక మనిషి, ఒక స్క్రూడ్రైవరు, ఒక బకెట్టు నీళ్లు. చిన్నదా పెద్దదా అని తెలియక ఫోను చేస్తే తప్పు కాదు బేటీ. చిన్నదని తెలిసీ పెద్దది చేసి చెప్పావు, తప్పు అక్కడుంది. ఎవరిని పంపాలో తేల్చడం మా పని. ఆ పని నువ్వు చేసేశావు.” నేను తలూపాను. ఫోనులో మాట్లాడిన దీదీకి కూడా క్షమాపణ చెప్పుకోవాలి, మళ్లీ ఆ నంబరుకు చేస్తే ఆమె దొరుకుతుందా అని అడిగాను. ఆయన మీసం మొదటిసారి కదిలింది. “సారీ చెప్పడానికి కూడా ఆ నంబరుకు ఫోను చెయ్యకు” అన్నారు.

పోలీసులతో ఆ ఆఫీసరే ఏదో మాట్లాడారు. కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చి, నాన్న ఎదుట నన్ను గట్టిగా మందలించి, ఒక కాగితం మీద సంతకం తీసుకుని వెళ్లాడు. దాంతో ఇంట్లోనూ తెలిసిపోయింది. నాన్న కొత్త స్విచ్చి వైపు చాలాసేపు చూశారు. అమ్మ వీపు చీరలేదు. “నాకు చెప్పకపోతే మానీ, గోడవతల మనిషిని పిలవడానికేటే నీకు?” అని ఏడ్చింది. వీధికి తెలియడానికి మాత్రం నేను కష్టపడలేదు, పెద్దమ్మకు నేనే చెప్పాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, “రా, మీ పెదనాన్నకి గెడ్డం గియ్యాల, నాకు చెయ్యి వణుకుద్ది” అని పిలిచింది. కట్టు విప్పేదాకా ఆరు వారాలు కాలేజీకి వెళ్లేముందు రోజూ ఆయన చొక్కా గుండీలు పెట్టాను, సంతకాలు కావలసినచోట ఎడమచేత్తో పెడుతుంటే కాగితం పట్టుకున్నాను, గడ్డం రెండు చోట్ల కోశాను.

ఆ వారాల్లోనే ఒకరోజు, కత్తెరతో ఆయన మీసం సరిచేస్తూ అడిగాను. “నా మీద అంత దయ ఎందుకు పెదనాన్నా? పోలీసు ముందు నాకోసం అబద్ధం ఎందుకు చెప్పారు?” ఆయన కదలకుండా, పెదాలు మాత్రం కదిలిస్తూ, “నీకోసమేటి?” అన్నారు. కత్తెర ఆపాను. ఆయన వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. “నీకోసం కూడాలే. కానీ నాకూ సిగ్గేసింది కదమ్మా. జీవితమంతా అందరికీ సేఫ్టీ నేర్పినోణ్ని. పొగ లేదు, మంట లేదు, బండి పక్కన తోసుకెళ్లడానికి సందుంది. గోనెసంచి కప్పుకుని గోడెక్కీసి పడిపోయాను. ఎందుకు దూకావు అంటే ఏటి చెప్పను? పొగ సూసాను అన్నాననుకో, కొంచెం పరువుగా ఉంటాది.” చెప్పి ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. మీసం ఒకవైపు పొట్టిగా తెగింది.

నేనిప్పుడు దుర్గ్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు పెదనాన్న వరండాలో కాసేపు కూర్చుంటాను. వానొచ్చే ముందు ఆయనకు మణికట్టు లాగుతుంది. “రేపు వానరా” అంటారు, వాతావరణం వార్తల కంటే ఆయన మాటే నిజమవుతుంది. అలా అన్నప్పుడల్లా నేను తల దించుకుంటాను, ఆయన మాట మార్చి కూరేం వండారని అడుగుతారు. మా ఇద్దరికీ లోకం ముందు దాచుకోవలసిన సిగ్గులు ఇంకా ఎన్నో ఉండి ఉంటాయి. ఒకరి ముందు ఒకరికి మాత్రం ఏమీ మిగల్లేదు. ఆ పందొమ్మిదేళ్ల పిల్ల మీద నాకింకా కోపమే. అయినా ఆ వరండాలో కూర్చుని ఉన్నప్పుడు మాత్రం, ఎంత వెర్రిదానివే అని దాని తల మీద మెల్లగా చెయ్యి వెయ్యాలనిపిస్తుంది.